పాత ఊరు ఎంత పాతది?

1996 ఫిబ్రవరిలో నైరుతి చైనాలోని యున్నాన్‌ను కుదిపిన భూకంపం 300 మందికి పైగా ప్రాణాలు తీసింది. లిజియాంగ్ పాత పట్టణంలో మట్టిగోడలు కూలాయి గానీ, ఒకదాంట్లో ఒకటి దిగేసి బిగించిన కొయ్య చట్రాలు చాలావరకు నిలబడ్డాయి. మరుసటి ఏడాది యునెస్కో ఆ పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఉత్తరాన షాంగ్రీలాలోని పాత పట్టణం దుకెజోంగ్‌కు అలా నిలబడే అదృష్టం పట్టలేదు. 2014 జనవరిలో ఒక రాత్రి చెలరేగిన మంటల్లో 200కు పైగా ఇళ్లు బూడిదయ్యాయి. ఇప్పుడక్కడ కనిపించేది చాలామటుకు మళ్లీ కట్టిందే. లిజియాంగ్ అసలు, దుకెజోంగ్ నకలు అని వచ్చినవాళ్లు తేల్చేస్తారు. ఆ తీర్పు నిలవదు. పుచ్చిన దూలం మార్చకుండా, పెంకు తిరగనేయకుండా ఏ కొయ్య ఇల్లూ తరతరాలు నిలవదు. లిజియాంగ్‌లోని మూ వంశ పాలకుల భవనాలు కూడా భూకంపం తర్వాత లేపినవే.

పాతదనం కర్రలో లేకపోతే మనుషుల్లో ఉండాలి. చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

లిజియాంగ్‌లో మూడు గుంటల బావులున్నాయి. ఊట ఉబికే పై గుంట నీళ్లు తాగడానికి. అది పొర్లి రెండోదాంట్లో పడితే కూరగాయలు కడుక్కోవడానికి. ఆ దిగువది బట్టలకు. పై గుంటలో ఎవరైనా గుడ్డ ముంచితే వాడంతటికీ తాగే నీళ్లు పాడైనట్టే. ఇరుగుపొరుగు కనిపెట్టి ఉంటేనే సాగే కట్టుబాటు ఇది. స్థానిక నాషీ జాతి కుటుంబాలు ఎన్నో ఇళ్లను సత్రాలకూ దుకాణాలకూ అద్దెకిచ్చి కొత్త పట్టణానికి మారిపోయాయి. నీళ్లు అలాగే పారుతున్నాయి; ఆకుకూర గంపతో వచ్చే ఇల్లాళ్లు తగ్గిపోయారు.

యాత్రికులే పాడుచేశారందామంటే కొండల్లో ఆ మాట చెల్లదు. 5,596 మీటర్ల యూలాంగ్ మంచుకొండకూ హాబా కొండకూ నడుమ జిన్షా నది లోతుగా కోసుకుపోయింది. హాబా వాలు మీద, నదికి చాలా ఎత్తున, 28 మలుపులు ఎక్కించే కాలిబాట ఉంది. కింద మోటారు రోడ్డు పడ్డాక ఊళ్లవాళ్లకు పైదారితో పెద్దగా పని లేదు. నడకకు వచ్చేవాళ్ల అడుగులే దాన్ని పొదలు మూసేయకుండా ఆపుతున్నాయి. వాళ్లకు బస ఇచ్చి, భోజనం పెట్టి దారి పక్కన కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. పట్టణాన్ని ఖాళీ చేయించిన రాకపోకలే కొండమీద ఊరిని నిలిపాయి.

ఇల్లు వదిలిన నాషీలను తప్పుపట్టడం మరీ అన్యాయం. అద్దె డబ్బూ, వాకిట్లోకి వాహనమూ కోరుకోవడం నేరం కాదు. చూడవచ్చినవాడి ముచ్చట తీర్చడానికి వాళ్లు ఎవరికీ బాకీపడి లేరు.

పాతదనాన్ని మనుషుల్లోనే వెతికితే కాలిపోయిన దుకెజోంగే పాతదిగా తేలుతుంది. సాయంత్రాలు అక్కడి మైదానంలో స్థానికులు వలయంగా నిలబడి ఆడతారు. ఇళ్లు పోయినా ఆ ఆట పోలేదు. అయితే వలయంలో యాత్రికులూ చేరతారు, ముందువాళ్ల అడుగు చూసి తామూ వేస్తారు. వాళ్ల సంఖ్య ఊరివాళ్లను మించిన రోజున దాన్ని ఏమనాలో ఈ కొలతా చెప్పదు.