పటాచారను పిలిచిన గొంతు



శ్రావస్తికి చెందిన పటాచార భర్తనూ, ఇద్దరు పసిబిడ్డలనూ, కన్నవాళ్లనూ, తోడబుట్టినవాడినీ వరసగా పోగొట్టుకుంది. ఒంటిమీద బట్ట లేదన్న ఎరుక కూడా లేక వీధుల్లో తిరిగింది. జనం పిచ్చిదని తరిమారు. జేతవనంలోనూ అడ్డుకోబోయారు. బుద్ధ భగవానుడు మాత్రం రానివ్వండన్నాడు, చెల్లెమ్మా అని పిలిచాడు. ఒకాయన తన పైబట్ట ఇచ్చాడు. ధమ్మబోధ ఆ తర్వాతే. ముందు చేరదీయడం, తర్వాతే మాట చెప్పడం. ఈ వరస మనకు ముఖ్యం.

యాగంటి చుట్టుపక్కల మన పిల్లలు బనగానపల్లె, నంద్యాల, ఆళ్లగడ్డ హాస్టళ్లలో ఉండి చదువుతున్నారు. మార్కుల భయం, ఇంటి బెంగ, కులం పేరుతో సూటిపోటి మాటలు ఒంటరిగా మోస్తున్నారు. నోరు విప్పితే మనమేమంటాం? "చదువెగ్గొట్టను సాకులు" అంటాం. లేదంటే గాలి సోకిందని తాయెత్తు కడతాం. ఇదీ తరమడమే కదా!

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో, 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. అంతకన్నా తక్కువుంటే బయటి నిపుణుల దగ్గరికి పంపే ఏర్పాటు ఉండాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి.

టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబర్ 10న మొదలైంది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆపదలో ఉన్న పిల్లలకు 1098 కూడా ఉంది.

అయితే హాస్టల్ పిల్లల చేతిలో ఫోన్ ఎక్కడిది? వార్డెన్ గదికెళ్లి అడిగితే "ఎవరికి? ఎందుకు?" అంటే ఆ బిడ్డ వెనక్కి తిరిగిపోతుంది. ఫోన్ అందకపోతే గోడమీది నంబరు ఎందుకు పనికొస్తుంది? కారణం అడగకుండా ఫోన్ ఇవ్వాలని, చాటుగా మాట్లాడుకోనివ్వాలని పేరెంట్స్ మీటింగులో అడుగుదాం. బతిమాలక్కర్లేదు. హక్కుల కోసం నిలబడడం బాబాసాహెబ్ నేర్పిన పాఠం.

బిడ్డ ముభావంగా ఉంటే పక్కన కూర్చోండి. "చచ్చిపోవాలనిపిస్తోందా నాయనా?" అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, లోపలి బరువు బయటికొస్తుంది. అవునంటే తిట్టొద్దు, ఒంటరిగా వదలొద్దు. వెంటనే 14416కు ఫోన్ చేయండి, ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి.

నాడు తరిమేసిన పటాచారే తర్వాత భిక్షుణి అయి, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులకు ఓదార్పైంది. మన బిడ్డలూ బతికి, రేపు పదిమందికి ఆసరా కావాలి. ఈ ఆదివారం వందన అయ్యాక ఇద్దరిద్దరుగా దగ్గరి హాస్టల్‌కు వెళ్లి చూద్దాం: గోడమీద నంబరుందా? బిడ్డకు ఫోన్ అందుతుందా?

భవతు సబ్బ మంగళం. జై భీమ్!