ఉత్తరం చివరి పేర్లు

ఈనాటి పఠనం: అపొస్తలుల కార్యములు 18:1–11, రోమా 16:21–23

ఆఫీసుకు వెళ్ళకుండా ఉద్యోగం చేసేవాళ్ళకు హైదరాబాద్‌లో సైనిక్‌పురి లాంటి పేటలు బాగా కలిసొచ్చాయి. సైనికోద్యోగుల కోసం వెలసిన కాలనీ అది. పెద్ద చెట్లు, పాత ఇళ్ళు. ఆ ఇళ్ళలో కొన్ని ఇప్పుడు కెఫేలు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ఇంటికి చేరిన పని చాలామంది దగ్గర ఇంట్లోనే ఉండిపోయింది. ఇల్లు మాత్రం అంతే ఉంది. కుక్కర్ విజిల్, పిల్లల హోంవర్క్, హాల్లో అత్తగారి సీరియల్, వీటి మధ్య క్లయింట్‌తో మాట్లాడలేక లాప్‌టాప్ సంచీలో వేసుకుని వీధి చివరికి నడిచారు. గోడవైపు, ప్లగ్ పాయింట్ ఉన్న బల్ల ముందు దొరికినవాడిదే. చెవిలో ఇయర్‌బడ్స్, పక్కన కాపుచినో, ఎదురుగా తెరమీద న్యూజెర్సీ నుంచి ఒకరు, పుణె నుంచి ఇద్దరు, విజయవాడలో పుట్టింటికి వెళ్ళి అక్కణ్ణుంచే లాగిన్ అయిన ఇంకొకరు.

కెఫేలో పని జరగాలంటే కావలసింది కాఫీ కంటే ముందు నిశ్శబ్దం. అది దానంతటది ఉండదు. కాసేపు చూడండి. కౌంటర్ వెనక కుర్రాడు గ్రైండర్‌లో గింజలు పోస్తాడు. బటన్ మీద వేలు పెట్టి, నొక్కబోతూ ఆగి, తలెత్తి హాలంతా ఒకసారి చూస్తాడు. మూల బల్ల దగ్గర అమ్మాయి మాట్లాడుతోంది. ఆగుతాడు. ఆమె మాట ముగించి మైకు మ్యూట్ చేసి వెనక్కి వాలగానే గర్రుమని తిప్పేస్తాడు. బల్ల తుడవడానికి వచ్చినప్పుడు కూడా చార్జర్ వైరును రెండు వేళ్ళతో ఎత్తి, దాని కింద తుడిచి, మళ్ళీ ఉన్నచోటే పెడతాడు. ఇవేవీ బిల్లులో ఉండవు. ఆమెకు న్యూజెర్సీలో మేనేజర్ పిల్లల పేర్లు తెలుసు. ఈ కుర్రాడు అందరికీ “భయ్యా”, అంతే.

పౌలు కొరింథుకు వచ్చినప్పుడు అతనికి దొరికిందీ అరువు చోటే. ఆ నగరాన్ని క్రీ.పూ. 146లో రోమన్లు నేలమట్టం చేశారు. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ దాన్ని మళ్ళీ నిలబెట్టాడు. రెండు వైపులా రెండు రేవులు, నడుమ నగరం. ఎక్కడెక్కడి నుంచో బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినవాళ్ళతో నిండిన ఊరు. పౌలు అక్కడికి ఏథెన్సు నుంచి ఒంటరిగా వచ్చాడు. సీల, తిమోతి ఇంకా మాసిదోనియలోనే ఉన్నారు. అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తలు అతన్ని చేరదీశారు. వాళ్ళైనా పాతకాపులు కారు. యూదులంతా రోము విడిచి పోవాలని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞ ఇస్తే మూట కట్టుకుని వచ్చినవాళ్ళు. అకుల పుట్టింది ఇంకా దూరాన, పొంతులో. ముగ్గురికీ కలిసింది చేతి పని. డేరాలు కుట్టడం వాళ్ళ వృత్తి. ఊరు పోగొట్టుకున్నవాళ్ళు ఊరికి కొత్తగా వచ్చినవాడికి తమ బల్ల దగ్గర చోటిచ్చారు.

పౌలును మనం ఎక్కువగా సమాజమందిరంలో నిలబెట్టి చూస్తాం. నిజానికి అతని పగళ్ళలో పెద్ద భాగం సూదీ దారంతో గడిచి ఉండాలి. థెస్సలొనీకవారికి రాసిన ఉత్తరంలో ఎవరికీ భారం కాకూడదని రాత్రింబవళ్ళు కష్టపడ్డామని తానే గుర్తు చేస్తాడు. ఎఫెసులో జనం అతని ఒంటిమీది గుడ్డల్నీ నడికట్లనూ రోగుల దగ్గరికి తీసుకెళ్ళారని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చెబుతుంది. అవి పని చేసేవాడి ఒంటిమీద ఉండే గుడ్డలని పండితులు చాలామంది అంటారు. ఆ సంగతి తెలిశాక ఆ అధ్యాయాన్ని పాత పద్ధతిలో చదవడం నావల్ల కాలేదు. పౌలు కొరింథులో ఉండగా అక్కడి రోమన్ అధిపతి గల్లియో. అతను అధిపతిగా ఉన్న కాలాన్ని డెల్ఫీలో దొరికిన ఒక శాసనం క్రీ.శ. 51–52 ప్రాంతానికి తెస్తుంది కాబట్టి, పౌలు కొరింథులో గడిపిన ఏడాదిన్నర కూడా అటూ ఇటుగా అప్పుడే.

అక్కడ కూర్చునే అతను దూరాన ఉన్నవాళ్ళతో పని చేశాడు. తాను విడిచి వచ్చిన సంఘానికి, ఎదుట లేని మనుషులకి, ఉత్తరాల ద్వారా. థెస్సలొనీకకు ఉత్తరం వెళ్ళింది కొరింథు నుంచే. కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ అక్కడే ఉన్నప్పుడు, అప్పటికింకా తాను అడుగుపెట్టని రోముకు తన ఉత్తరాలన్నిటిలోకీ పొడవైనది పంపాడు. ఆ ఉత్తరాన్ని తీసుకెళ్ళింది కెంక్రేయ రేవులోని సంఘానికి చెందిన ఫీబే అని చాలామంది అభిప్రాయం.

ఆ ఉత్తరం చివరి అధ్యాయాన్ని మనం సాధారణంగా దాటేస్తాం. పేర్ల జాబితా కదా, ఆదివారం ఎవరూ దానిమీద ప్రసంగం చెయ్యరు. కానీ ఒకసారి ఆగి చూస్తే రెండు గుంపులు కనిపిస్తాయి. మొదటిది అవతలి ఒడ్డు: రోములో ఉన్న ఇరవైమందికి పైగా మనుషులు, పేరుపేరునా. అందులో అందరికన్నా ముందు ప్రిస్కిల్ల, అకుల! ఒకప్పుడు ఒకే బల్ల దగ్గర కుట్టినవాళ్ళు మళ్ళీ రోముకు చేరి, ఇప్పుడు ఉత్తరానికి ఆ కొసన ఉన్నారు. రెండో గుంపు 21వ వచనం నుంచి మొదలవుతుంది. ఇవతలి గదిలో ఉన్నవాళ్ళు. తిమోతి, మరి ముగ్గురు బంధువులు. ఇల్లు ఇచ్చిన గాయియు. పట్టణ ఖజానా చూసే ఎరస్తు. ఇంకే వివరమూ లేని క్వర్తు, సహోదరుడన్న ఒక్క మాట తప్ప. వీళ్ళందరి మధ్యలో ఉన్నట్టుండి గొంతు మారుతుంది. పౌలు చెబుతుంటే ఇంతసేపూ రాసిపెట్టిన తెర్తియు తన పేరు తానే చెప్పుకుని రోమువాళ్ళకు వందనం చేస్తాడు.

ఆ మాట రాయనిచ్చారంటే ఆ గది ఎలాంటిదై ఉంటుందో ఆలోచించండి. విశ్వాసాన్ని గురించి, ధర్మశాస్త్రాన్ని గురించి, ఇశ్రాయేలు భవిష్యత్తును గురించి అంత బరువైన సంగతులు చెప్పాక, కలం పట్టుకున్నవాడు ఇప్పుడు నా వంతు అన్నాడు. ఎవరూ కొట్టివేయలేదు. (ఎరస్తు పేరుతో కొరింథులో 1929లో ఒక రాతిపలక దొరికింది. అధికారిగా ఎన్నికైనందుకు తన సొంత ఖర్చుతో రాళ్ళు పరిపించానని దానిమీద ఉంది. ఆ ఎరస్తూ ఈ ఎరస్తూ ఒకరేనా అన్న వాదన తెగలేదు. తెర్తియుకు మాత్రం రాయీ లేదు, రప్పా లేదు. ఉన్నది ఈ ఒక్క వచనం.) దూరాన ఉన్న సంఘం కోసం అంత శ్రమపడుతున్నా పక్కనున్నవాళ్ళు ఆ ఉత్తరంలో పట్టారు.

మన ఉద్యోగాల్లో దూరం బాగానే పని చేస్తోంది. మార్చిలో అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరిగితే, సాయంత్రం ఏడున్నర కాల్ ఆరున్నరకు వస్తుందని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అవతలివాళ్ళ థాంక్స్‌గివింగ్ సెలవులు నోటికి వచ్చు. అది తప్పు కాదు, ఆ శ్రద్ధ మెచ్చుకోదగ్గదే. ఇబ్బంది ఇవతలి కొసలో ఉంది. రోజూ మూడు గంటలు మూడడుగుల దూరంలో ఉండే మనిషి ఏ ఊరివాడో, ఒడిశానా, మణిపూరా, మన శ్రీకాకుళమేనా, తెలియదు. పండక్కి అతనికి సెలవుందో లేదో తెలియదు. ముందు అతని పేరు అడుగుదాం.

ఇక్కడ ఒక జాగ్రత్త. పేరు అడగమన్నానని పనిలో ఉన్నవాణ్ణి నిలబెట్టి కుటుంబ చరిత్ర అడగడం దయ అనిపించుకోదు. అతనికి మనలాగే టార్గెట్లున్నాయి, పైన చూసేవాళ్ళున్నారు. అకుల దంపతుల బల్ల దగ్గర పౌలు ఉత్త అతిథి కాడు, పనిలో పాలుపంచుకున్నవాడు. కెఫేలో మనకు సాధ్యమైనవి చిన్నవి: మధ్యాహ్నం జనం వచ్చే వేళ నలుగురు కూర్చునే బల్ల ఖాళీ చెయ్యడం, ఒక కాఫీ మీద పూటంతా లాగకుండా ఇంకోటి ఏదైనా చెప్పడం, లేచేటప్పుడు కప్పు కౌంటర్ మీద పెట్టి రావడం. యజమాని అద్దె కట్టేది మనం తాగిన కాఫీలోంచే. ఎవరికీ భారం కాకూడదన్న పౌలు పట్టుదల సువార్త పనికి ఎంత వర్తిస్తుందో వై-ఫై పాస్‌వర్డుకూ అంతే వర్తిస్తుందని నా నమ్మకం. పేరు అడగడానికి బిల్లు కట్టే అర నిమిషం చాలు. మర్నాడు ఆ పేరుతో పిలవడానికి అదీ అక్కర్లేదు.

ఇంకో సంగతి. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో ప్రభువు ఒక రాత్రి దర్శనంలో పౌలుతో మాట్లాడి, భయపడవద్దని, ఈ పట్టణంలో తన జనం చాలామంది ఉన్నారని చెబుతాడు. పౌలుకు అప్పటికి వాళ్ళలో ఎక్కువమంది తెలియదు. వీధిలో ఎదురైనవాళ్ళలో, సూదికి దారం ఎక్కిస్తుంటే పక్కనుంచి నడిచివెళ్ళినవాళ్ళలో వాళ్ళున్నారు. ఏ మొహం చూసి ఎవరని అనుకోవాలో ఆయన చెప్పలేదు. అక్కడ ఏడాదిన్నర ఉండిపోయాడు పౌలు.

ప్రార్థన

ప్రభువా, ఈ పూట నాకు దొరికిన బల్లకూ కరెంటుకూ నీడకూ స్తోత్రం. తెరకు అవతల ఉన్నవాళ్ళ పని నా వల్ల ఆగకుండా చూడు. ఈ వారం ఉద్యోగం పోయిన కబురు అందుకున్న సహోద్యోగికి దారి చూపించు. గ్రైండర్ దగ్గర నిలబడ్డ తమ్ముణ్ణి, రాత్రి చివరి బస్సు పట్టుకుని గది చేరేదాకా కాపాడు. వాళ్ళమ్మకు పంపే డబ్బులు నెలాఖరుకు సరిపోనివ్వు. నేను అతని పేరు అడిగినప్పుడు చెవిలో ఇయర్‌బడ్స్ తీసి అడిగే బుద్ధినివ్వు. యేసు నామంలో, ఆమేన్.