వంకర నాణెం, సరైన తూకం

నాణెమంటే గుండ్రంగానే ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. చదరపు అయిదు పైసలు, ఆరు మూలల మూడు పైసలు, అంచు వంకీలు తిరిగిన పది పైసలు చూసిన తరం నాది. 2011 జూన్ నెలాఖరుతో అవన్నీ చెల్లకుండా పోయాయి. అయితే వాటి వంకర యంత్రం పెట్టిన వంకర. రెండు వేల ఏళ్లకు పైబడిన విద్ధాంక నాణేల సంగతి అలా కాదు. వాటిలో ఏ రెండూ ఒక్క తీరున ఉండవు.

ఎందుకని? వెండిని రేకుగా సాగగొట్టి, పట్టీలుగా కోసి, ముక్కలు చేసి తూచేవారు. తూకం ఎక్కువైతే మూల కత్తిరించేవారు. తర్వాత సూర్యుడు, కొండ, చెట్టు వంటి ముద్రలు కొట్టేవారు. కార్షాపణం ఎత్తు 32 గురిగింజలు, అంటే దాదాపు 3.4 గ్రాములు. తూకం చెడకూడదనే దాని రూపు చెడింది. బి.కాం. చదివి పాతికేళ్లకు పైగా లెక్కలు సరిచూసిన నాకు ఈ నాణెం మీద మోజు అందుకే.

ఈ మోజు వెంటే ఒక ధర్మసందేహం కూడా ఉంది. నేలలో దొరికిన నాణెం ఎవరిది? తిరుత్తణి దిక్కు నుంచి వచ్చిన ఒక రైతు గుడ్డలో చుట్టిన వెండి ముక్క చూపి, ఎంతొస్తుందని అడిగాడు.

"ఎక్కడ దొరికింది పెద్దాయనా? ఒంటిగానా, ముంతలోనా?" అన్నాను.

"యాడ దొరికితే ఏమి సార్, వెండి వెండే గదా?"

ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. ప్రభుత్వం దాన్ని తీసుకుంటే లోహం విలువ, దాని మీద అయిదో వంతు ఇస్తుంది. అంటే చట్టం కూడా రైతుతో వెండి వెండే అంటున్నది! బజారులో మాత్రం అదే ముక్కకు పురాతన వస్తువు ధర పలుకుతుంది. అప్పులో ఉన్నవాడికి ఈ తేడా చిన్నది కాదు.

మరి చోటు ఎందుకు అడగాలి? 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు విశుద్ధిమార్గంలో ఒక పోలిక చెప్పాడు. నాణేల రాశిలో పసివాడు రంగూ ఆకారమూ చూస్తాడు. పల్లెటూరివాడికి అవి చెల్లుతాయని కూడా తెలుసు. శ్రాఫుకు మంచీ చెడ్డా తెలియడమే కాదు, అది ఏ ఊళ్లో ఎవరి చేతిలో తయారైందో కూడా తెలుసు. నాబోటి సేకర్తలు తమను ఆ మూడోవాడిగా ఊహించుకుంటారు. ఊరి పేరు అడగకుండా కొంటే మాత్రం వాళ్లు మొదటివాడే. ఆకారం చూసి మురిసే పసివాడే. అమరావతి విద్ధాంక నాణేల రాశి ఒకచోట నిలిచింది కాబట్టే పరమేశ్వరీలాల్ గుప్తా దాన్ని పరిశీలించి 1963లో గ్రంథం వెలువరించగలిగారు. అది వంద అల్మారాలకు చెదిరిపోయి ఉంటే వెండి మిగిలేది గాని కథ మిగిలేది కాదు.

ఈ సంగతి మనకు ఒకరు చెప్పనక్కర లేదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. ఊరు కదలలేదు, గీత కదిలింది. అప్పటి నుంచి ఇక్కడ కొందరికి మనం బయటివాళ్లం, అక్కడ కొందరికి అరవదేశంవాళ్లం. పుట్టిన చోటు నుంచి పేరును విడదీస్తే మనిషి ఎంత తరిగిపోతాడో ఎరిగినవాళ్లం, నాణెం విషయంలో అది పట్టనట్టు ఉండగలమా?

అలాగని రైతుకు నీతులు చెప్పి, బేరం దగ్గర మనం కళ్లు మూసుకుంటే కుదరదు. గురిగింజ తన కింది నలుపెరగదంటారు. గురిగింజలతో తూగిన నాణేలు కొనేవాళ్లకు ఆ సామెత మరీ వర్తిస్తుంది. దాచిన నిధిలోది అని అనుమానం వస్తే కొనకూడదు. దొరికిన సంగతి తెలపడానికి రైతుకు అర్జీ రాసిపెట్టాలి, ఆఫీసుకు తోడు వెళ్లాలి. లోహం ధర కాక చరిత్ర ధర అతనికి దక్కాలని అడగాలి. ఆ రైతుకు అర్జీ రాసి ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకుని, "చూస్తాను సార్" అన్నాడు.

ఇచ్చాడో లేదో తెలియదు. వెండి ధర మాత్రమే ఇస్తామనే వ్యవస్థ అతని నుంచి అంతకంటే ఎక్కువ నిజాయితీ కోరడం తూకం తప్పిన బేరమే. ఆ తూకం సరిచేసే పని చదువుకున్నవాళ్లం మనది.