తాళముచెవియు నధికారమును

విద్యను దాచుట ధర్మమా, కాదా యను ప్రశ్న మన శాస్త్రములంత ప్రాచీనమైనది. శ్వేతాశ్వతరోపనిషత్తు తన కడపటి భాగమున, వేదాంతమందలి పరమరహస్యమును ప్రశాంతచిత్తుడు కానివానికిని, పుత్రుడో శిష్యుడో కానివానికిని ఈయరాదని నిషేధించుచున్నది. శ్రీవైష్ణవ సంప్రదాయమో, గోష్ఠీపూర్ణుల సన్నిధికి 18 మారులు తిరిగి మంత్రార్థమును సంపాదించిన రామానుజులు, తాను నరకమునకు బోయినను పదిమంది తరింతురుగాక యని దానిని సర్వులకు వెల్లడించిరని చెప్పి పులకించుచున్నది. నిషేధించిన శ్రుతియు పూజ్యమే, వెల్లడించిన యాచార్యుడును పూజ్యుడే. ఈ రెంటికిని సమన్వయ మెట్లు కుదురును? నేటి కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారి నిత్యకృత్యములలో నొకటి, వారెరుగకయే, ఈ విచారమునకు చక్కని యుదాహరణమగుచున్నది.

లైనస్ టోర్వాల్డ్స్ 2005 లో సృష్టించిన గిట్ అను సాధనము, పలువురు కలిసి వ్రాయు ప్రోగ్రామునందలి ప్రతి మార్పును రిపాజిటరీ యను నొక భాండాగారమున భద్రపరచును. అందలి కోడ్ అందరును చదువదగినదే. అయినను డేటాబేసు పాస్‌వర్డు వంటి కొన్ని రహస్యములు దానితోపాటే యుండవలసివచ్చును. ఆండ్రూ ఏయర్ రచించిన గిట్-క్రిప్ట్, ఏ ఫైళ్లు గోప్యములని ముందుగా వ్రాసి యుంచుదుమో వానిని మాత్రమే భాండాగారములోనికి బోవునపుడు గూఢలిపిగ మార్చి, తాళము తీసినవాని యంత్రముమీద మరల స్పష్టలిపిగ జూపును. తాళముచెవి లేనివాడు తక్కిన కోడ్‌నంతయు నిరాటంకముగ చదువుకొనవచ్చును. గోప్యమైన ఫైలు పేరు సైతము వానికి కనబడును, అందలి విషయము మాత్రమే కనబడదు.

ఈ తాళపు నిర్మాణమునందు దాపరికము లేదు. గూఢలేఖన పద్ధతి శత్రువుచేత జిక్కినను హాని కలుగరాదనియు, రహస్యము కేవలము తాళముచెవియందే యుండవలెననియు ఆగస్ట్ కెర్కాఫ్స్ 1883 లోనే సిద్ధాంతీకరించెను. గిట్-క్రిప్ట్ వాడు ఏఈఎస్ పద్ధతిని అమెరికా ప్రభుత్వము 2001 లో ప్రమాణముగ స్వీకరించి లోకమునకంతకు ప్రకటించినది. దాని గణితమును ఏ విద్యార్థియైనను నేర్వవచ్చును. కాని 256 బిట్ల తాళముచెవిని ఊహించి పట్టవలెనన్నచో, వెదకవలసిన సంఖ్యల మొత్తము 78 అంకెలతో వ్రాయదగినంతటిది. శాస్త్రము సర్వులది, చెవి కొందరిది: ఈ విభాగమే మన ప్రశ్నకు తొలి సమాధానము.

ఇక ఆపరేటింగ్ సిస్టముల భేదమును గమనింతము. ఉబుంటు వంటి లినక్స్‌లో ఏపీటీ ద్వారమునను, మాక్‌లో హోమ్‌బ్రూ ద్వారమునను, విండోస్‌లో ఈఎక్స్ఈ ఫైలు రూపమునను ఈ సాధనము లభించును. పాత విండోస్ పవర్‌షెల్‌లో తాళముచెవిని ‘>’ గుర్తుతో నొక ఫైలులోనికి మరలించినచో, ఆ షెల్ దానిని యక్షరములుగ భ్రమించి వేరొక లిపిసంకేతమునకు మార్చుటచే చెవి చెడి, తాళము తెరచుకొనదు. ఇట్టి చిక్కులన్నియు నుపాధికి సంబంధించినవే. చెడని చెవి చేతనున్నచో, మూడు యంత్రములలోను తెరచుకొను ఫైలులోని సారమొక్కటియే. తాళము అడుగునది చెవినేగాని యంత్రపు వంశమును గాదు. పుట్టుకను జూచి విద్యను నిరాకరించిన మన పూర్వులలో ననేకులు ఉపాధినే యధికారమని, అనగా విద్యార్హతయని, భ్రమించిరి. సత్యకామ జాబాలుని గోత్ర మడిగి, వాని సత్యవాక్యమును విని శిష్యునిగ గ్రహించిన హారిద్రుమత గౌతముడు మాత్ర మట్లు భ్రమపడలేదు.

అధికారమునకు పూర్వాంగమొకటి కలదు. గిట్‌కు తెలిసిన ఫైళ్లలో భద్రపరచని మార్పు లేవైన నున్నంతవరకు గిట్-క్రిప్ట్ తాళము తీయ నిరాకరించును. ముందు వానిని సరిచేసికొని రమ్మనును. చిత్తశుద్ధి లేనివానికి బ్రహ్మజిజ్ఞాస యేలయన్న వేదాంతుల మాట దీనికి దూరమైనది కాదు.

అన్నిటికంటె గంభీరమైన విషయమింకొకటి యున్నది: ఒకమారు తాళముచెవి నిచ్చినపిదప దానిని మరల గైకొనుట ఈ సాధనమున సాధ్యము కాదు. నిన్నటివరకు సహచరుడైనవాడు నేడు వెడలిపోయినను, తాను చదివిన రహస్యము వానియొద్దనే యుండును. ఆ పాస్‌వర్డులనే మార్చుకొనుట తప్ప వేరు గతి లేదు. గీతాచార్యుడును పరమగుహ్యమైన జ్ఞానమును బోధించిన పిమ్మట, ఏమి చేయవలెనన్న నిర్ణయమును అర్జునునికే విడిచిపెట్టెను. ఉపదేశమునకు ప్రత్యాహరణము లేదు. కావున పాత్రాపాత్ర విచారము ఇచ్చుటకు ముందే జరుగవలెను, ఆ భారమును పుచ్చుకొనువానికంటె ఇచ్చువాడే యెక్కువగ మోయవలెను.

ఇప్పుడు శ్రుతికిని రామానుజులకును సమన్వయము సుకరమగుచున్నది. రహస్యములు రెండు తెఱగులు. పంచినకొలది తరుగక, పుచ్చుకొన్నవానిని ధన్యుని జేయునది విద్య. ఇతరులు నమ్మి మనచేత బెట్టినది న్యాసము, అనగా నిక్షేపము. మనుస్మృతి పేర్కొనిన 18 వ్యవహారపదములలో నిక్షేపము రెండవదిగ నుండుటయే, దాని రక్షణము ధర్మములో నెంత ముఖ్యమో చెప్పుచున్నది. డేటాబేసు పాస్‌వర్డు వేలమంది ప్రజల సొంత సమాచారమునకు కావలి గనుక, దానిని బయటబెట్టుట ఔదార్యము గాదు, ద్రోహము. కోడ్‌ను గాని, మంత్రమును గాని బయటబెట్టుట యట్టి ద్రోహము కాదు. శ్రుతి నిషేధించినదియు విద్యను గాదు, దానిని గ్రహించుటకు సిద్ధపడని చిత్తమును. ఆ సిద్ధత వచ్చిననాడు నిషేధమును దానంతట తొలగును.

కావున దేనినైనను దాచబూనువాడు తన్ను దాను అడుగవలసిన ప్రశ్న యొక్కటియే: ఈ దాపరికమువలన రక్షింపబడువారెవరు? తన ప్రాభవమే రక్షింపబడుచున్నచో తాళము తీసివేయవలెను. పరుల విశ్వాసము రక్షింపబడుచున్నచో తాళమును బిగించి, చెవి నిచ్చుటకు ముందొక్కమారు నిలిచి యోచింపవలెను.