ఎవరు చూచిరి?

బిడ్డలను గూర్చిన భయము పెద్దలకు సహజమైనది. అది ప్రేమనుండి పుట్టునది గనుక దానిని ఎవరును తప్పు పట్టరు. కాని భయమునకును నమ్మకమునకును నడుమ ఒక చిన్న ప్రశ్న నిలిచి ఉండవలెను. "ఈ సంగతి నీవు చూచితివా, లేక వింటివా?" అనునదే ఆ ప్రశ్న. ఆస్తిని గూర్చి, అప్పును గూర్చి, పెండ్లిసంబంధమును గూర్చి ఏ మాట విన్నను మనము ఈ ప్రశ్నను తప్పక అడుగుదుము. బిడ్డలకు కీడు కలుగుచున్నదని విన్నపుడు మాత్రము అడుగము. అడుగుట ఆలస్యమనియు, ఆలస్యము ద్రోహమనియు మనకు తోచును. ప్రేమ మనలను విచారణ భారమునుండి విడిపించునా? ఇచట ఆలోచింపదలచిన ధర్మసందేహము ఇదియే.

ఇటీవల అమెరికాలో పుట్టి పెరిగిన ఒక వదంతి ఈ సందేహమునకు మంచి నిదర్శనము. అక్కడి ఇండ్లలో పెంపుడు పిల్లులు మలమూత్రములు విడుచుటకు ఒక పెట్టెలో తడిని పీల్చుకొను మట్టిరేణువులు పోసి మూలనుంచుట ఆచారము. 2021 డిసెంబరులో మిషిగన్ రాష్ట్రమునందలి మిడ్‌లాండ్ పట్టణమున పాఠశాలా మండలి సమావేశము జరుగుచుండగా తల్లిదండ్రులలో ఒకరు లేచి, తమను పిల్లులుగా భావించుకొను విద్యార్థుల కొరకు ఒక పాఠశాల మరుగుదొడ్డిలో ఇట్టి పెట్టె ఉంచినారని తాము విన్నట్లు చెప్పిరి. ఆ దృశ్యము ఫేస్‌బుక్ మూలమున వ్యాపించెను. 2022 జనవరిలో అక్కడి పాఠశాలల ప్రధానాధికారి, తమ పాఠశాలలలో అట్టి పెట్టె ఎన్నడును లేదని ప్రకటించెను. ఆ ప్రకటన ఊరిలో నిలిచెను. వదంతి దేశమంతయు తిరిగెను.

అదే సంవత్సరము మార్చిలో నెబ్రాస్కా రాష్ట్ర శాసనసభలో ఒక సభ్యుడు దానిని నిజముగా ప్రస్తావించి, నిరాధారమని తెలిసినపిదప ఆ దినముననే క్షమాపణ చెప్పెను. ఆయనవలె వెనుదిరిగినవారు కొద్దిమందియే. ఇట్టి కథను బహిరంగముగా పలికిన అభ్యర్థులును ప్రజాప్రతినిధులును కలిసి 20 మందికి తక్కువ కారని అక్టోబరులో ఎన్‌బీసీ వార్తాసంస్థ లెక్క తేల్చెను. పాఠశాల పేరు మారెను, రాష్ట్రము మారెను, కథ మాత్రము మారలేదు. పేరు బయటపడిన పాఠశాలల అధికారులు ఒకరివెంట ఒకరు కాదనుచు వచ్చిరి. కాని కాదనుటకు పట్టిన కాలములో కథ మరియొక ఊరు చేరుచుండెను.

ఇట్టి మాటకు మన తార్కికులు ఏనాడో ఒక పేరు పెట్టిరి. మొదట చెప్పినవాడెవడో తెలియక, ఒకరినుండి ఒకరికి పరంపరగా వచ్చు మాటను వారు ఐతిహ్యమనిరి. ఈ మర్రిచెట్టుపై యక్షుడు కలడు అనునది దానికి వారిచ్చు ఉదాహరణము. ఎవరు చూచిరో తెలియదు, చూడలేదనువారును లేరు. కొందరు ఐతిహ్యమును ప్రత్యేక ప్రమాణముగా గణింపగా నైయాయికులు అంగీకరింపలేదు. అది నమ్మదగినదైనచో శబ్దప్రమాణముననే చేరును. శబ్దము ప్రమాణమగుటకు చెప్పువాడు ఆప్తుడు కావలెను. శాస్త్రమున ఆప్తుడనగా సంగతిని తాను స్వయముగా ఎరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లు చెప్పదలచినవాడు. లోకమున ఆప్తుడనగా మనకు దగ్గరివాడు. ఈ రెండర్థముల నడుమనున్న సందులోనుండియే వదంతి లోపలికి వచ్చును. అమెరికాలో మిక్కిలి శ్రోతలు గల జో రోగన్ అను వ్యాఖ్యాత, తన స్నేహితుని భార్య పనిచేయు పాఠశాలలో ఇట్టి పెట్టె ఉన్నదని 2022లో చెప్పెను. నిజముగా పెట్టి ఉందురని తనకు తోచదని తరువాత ఒప్పుకొనెను. అది దగ్గరివారి మాటయే గాని చూచినవారి మాట కాదు.

బౌద్ధవాఙ్మయమున దద్దభ జాతకమను కథ కలదు. ఒక కుందేలు మారేడుచెట్టు క్రింద, ఒక తాటిమొక్క నీడలో పరుండి, భూమి బ్రద్దలైనచో తన గతి ఏమగునా అని చింతించుచుండెను. ఆ క్షణముననే పండిన మారేడుకాయ ఒకటి తాటాకుపై ధబాలున పడెను. భూమి బ్రద్దలగుచున్నదనుచు కుందేలు పరుగెత్తెను. దాని వెంట ఇతర కుందేళ్లు, వానివెంట లేళ్లు, పందులు, దున్నలు, పులులు, ఏనుగులు పరుగెత్తినవి. బోధిసత్త్వుడు అప్పుడు సింహమై పుట్టి యుండెను. అతడు మందకు అడ్డముగా నిలిచి, ఎవరు చూచిరని అడిగెను. ప్రతి జాతియు మరియొక జాతిని చూపగా, విచారణ చివరకు ఆ యొక్క కుందేలు దగ్గర ఆగెను. సింహము దానిని పరిహసింపలేదు, దండింపలేదు. దానిని తన వీపుపై ఎక్కించుకొని మారేడుచెట్టు దగ్గరకు పోయి, రాలిన కాయను చూచి, తిరిగివచ్చి చెప్పెను. ఈ కథలో రెండు విషయములు గమనింపదగినవి. అబద్ధమాడినవాడు ఇందులో ఒక్కడును లేడు. చప్పుడు నిజము, భయము నిజము. రెండవది, ఆ చోటికి పోయి చూచుటతో ప్రమాదము ముగిసెను.

మిడ్‌లాండులో సింహము ఎంత దూరము పోవలసియుండెను? పాఠశాల నడవ దాటి ఒక తలుపు తెరచినచో చాలును. అంతకంటె సులువైన మార్గమును ఉండెను. ప్రతిదినమును ఆ మరుగుదొడ్లను వాడు పిల్లలు సాయంకాలము ఇండ్లకు వచ్చుచుండిరి. నైయాయికులు కోరిన ఆప్తులు వారే. చూచినవారు వారు, దాచవలసిన అవసరము లేనివారు వారు. వారిని గూర్చిన ఆ గొప్ప వివాదమున వారి సాక్ష్యము ఎంత కొద్దిగా వినబడెనో తలచినచో ఆశ్చర్యము కలుగును. పెద్దలు పిల్లల కొరకు మాట్లాడిరి, పిల్లలను గూర్చి మాట్లాడిరి. పిల్లలతో మాట్లాడుట మరచిరి.

మరపునకు భయమొకటియే కారణము కాదు. ఆ దినములలో అమెరికా పాఠశాలలయందు, పుట్టుకతో నిర్ణయింపబడిన లింగమునకు భిన్నముగా తమను భావించుకొను విద్యార్థులను ఎట్లు పిలువవలెను, వారు ఏ మరుగుదొడ్డిని వాడవలెను అను వివాదము తీవ్రముగా సాగుచుండెను. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, వైద్యులు కూర్చుండి ఓపికతో మాట్లాడవలసిన విషయమది. అందు భిన్నాభిప్రాయము లుండుట సహజము. ఇసుకపెట్టె కథ ఆ ఓపికను అనవసరమొనర్చెను. ఒక ప్రశ్నకు సమాధానము వెదకుటకు బదులు, ఆ ప్రశ్నను తెచ్చిన బిడ్డను నవ్వులపాలు చేసినచో వాదము గెలిచినట్లే కనబడును. 2023 జూన్‌లో ఇంగ్లాండునందలి రై పట్టణపు పాఠశాల విషయమునను ఇట్లే జరిగెను. లింగభేదమును గూర్చి ఉపాధ్యాయురాలికిని విద్యార్థినులకును జరిగిన వాదమున పిల్లి ప్రసక్తి వచ్చెను. ఆ సంభాషణ శబ్దలేఖనము బయటికి వచ్చినపిదప, పత్రికలలో ఆ పిల్లి ఒక బిడ్డగా మారెను. తమ విద్యార్థులలో తమను పిల్లిగా గాని, మరియొక జంతువుగా గాని భావించుకొనువారు లేరని పాఠశాల ప్రకటించెను. సంగతి మంత్రుల దాకా పోయి, పాఠశాలకు తనిఖీ అధికారులు కూడ వచ్చిరి.

ఇచట ఒక ఆక్షేపము రావచ్చును. పిల్లలు తోకలు కట్టుకొని, చెవులు పెట్టుకొని తిరుగుట నిజమే గదా అని అడుగవచ్చును. నిజమే. ముఖమునకు జంతువు మొగము, నడుమునకు తోక తగిలించుకొని నాలుగు కాళ్లపై గెంతు క్వాడ్రోబిక్స్ అను ఆట రష్యా పిల్లలలో వ్యాపింపగా, దానిని నిషేధింపవలెనని 2024లో అక్కడి శాసనసభ్యులు కొందరు పట్టుపట్టిరి. మనకు ఈ ఆట అంత క్రొత్తది కాదు. దసరా దినములలో తుళునాడున పులివేషములు వీథులలో నాట్యమాడును. ఓణము పండుగకు త్రిశ్శూరులో పొట్టలపై పులి ముఖములు చిత్రించుకొని పెద్దలే ఊరేగుదురు. తెలుగు ఊళ్లలో డప్పు మ్రోతకు పులివేషగాని వెంట పరుగెత్తని బాలుడుండడు. పులివేషము కట్టిన పిల్లవాడు ఇంటికి వచ్చి అన్నమే అడుగును. ఆటకును భ్రాంతికిని గల భేదమును పిల్లలు చక్కగా ఎరుగుదురు.

ఎక్కడనో ఒక బిడ్డ నిజముగానే తనను మనుష్యజాతినుండి వేరుచేసికొనునంత వేదనలో ఉన్నదనుకొందము. అప్పుడైనను ఆ బిడ్డకు కావలసినది చెవియొగ్గి వినువారు, అవసరమైనచో వైద్యుడు. 2024 జనవరిలో ఓక్లహోమా రాష్ట్రమున ఒక శాసనసభ్యుడు ప్రతిపాదించిన చిత్తుశాసనము చెప్పినది వేరు. జంతువుగా ప్రవర్తించు విద్యార్థిని తల్లిదండ్రులు వచ్చి తీసికొనిపోవలెనట. వారు రాలేనిచో, వీథికుక్కలను పట్టువంటి పనులు చూచు జంతునియంత్రణ శాఖను పిలువవలెనట. అది శాసనము కాలేదు. బిడ్డ తనను జంతువనుకొనుచున్నదని వగచిన పెద్దలే, ఆ బిడ్డను జంతువుగా చూచుటకు సిద్ధపడిరి. కథలోని బిడ్డ ఎన్నడును కనబడలేదు. చిత్తుశాసనములోని క్రౌర్యము మాత్రము అచ్చులో కనబడెను.

ఐనను ఈ వదంతికి ఒక మారేడుకాయ వంటిది కలదు. కొలరాడో రాష్ట్రమున జెఫర్‌సన్ మండలపు పాఠశాలలలో 2017 నుండియు తరగతిగదులయందు పిల్లి ఇసుక నిజముగానే ఉంచుచుండిరి. కొలంబైన్ ఉన్నత పాఠశాల ఆ మండలములోనిదే. 1999 ఏప్రిల్ 20న అచట ఇద్దరు విద్యార్థులు తుపాకులతో 12 మంది తోటి విద్యార్థులను, ఒక ఉపాధ్యాయుని చంపిరి. ఆ పాఠశాలలలో ఆపత్సమయమునకై సిద్ధము చేసిన బాల్చీలలో చేతిదీపము, ప్రథమచికిత్స సామగ్రి, మధుమేహము గల పిల్లలకు మిఠాయి మొదలగు వానితోపాటు కొంత ఇసుకయు ఉండును. తుపాకి పట్టినవాడు నడవలో తిరుగుచుండగా, గడియ వేసిన గదిలో గంటలకొలది నిశ్శబ్దముగా దాగియున్న బిడ్డలు కాలకృత్యములు తీర్చుకొనుటకు ఆ ఏర్పాటు. ఎన్‌బీసీవారు వదంతిని విచారించుచు కనుగొన్న ఇసుక ఇదియే.

పిల్లియని తనను భావించుకొను ఊహాబాలిక కొరకు ఇసుక పెట్టిరని విన్నపుడు సభలు దద్దరిల్లినవి. తుపాకికి వెరచి దాగు నిజమైన బాలిక కొరకు ఇసుక పెట్టినపుడు అంత కలవరము పుట్టలేదు. మొదటిదానిని నమ్ముటకు ఏ ఖర్చును లేదు. తప్పు ఎల్లపుడును ఇతరులదే. రెండవదానిని చూచుటకు పెద్దలు తమ చట్టములను, తమ యిండ్లలోని బీరువాలను, తమనే చూచుకొనవలసి వచ్చును. మనలను ప్రశ్నించు భయమునుండి తప్పించుకొనుటకు, ఇతరులను నిందించు భయమును ఆశ్రయించుట మానవస్వభావము. వదంతిలోని గొప్ప అపకారము అది చెప్పు అబద్ధముకంటె, అది కప్పివేయు నిజమునందే ఉన్నది.

దీనిని విని మనము అమెరికావారిని చూచి నవ్వుటకు వీలులేదు. 2018లో మన దేశమున పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి వాట్సాప్ మూలమున ఊరూర ప్రాకెను. దానితో తిరిగిన దృశ్యములలో ఒకటి కరాచీలో తయారైనది. బిడ్డల భద్రతను గూర్చి తల్లిదండ్రులను హెచ్చరించుటకై తీసిన చిత్రమది. మోటారు సైకిలుపై బిడ్డను ఎత్తుకొనిపోయినవాడే చివరకు బిడ్డను తిరిగి తెచ్చి దింపి, ఎంత సులువో చూడుడని తెలుపును. ఆ చివరి భాగమును ఎవరో కత్తిరించి మిగిలినదానిని పంపిరి. బిడ్డలను కాపాడుటకు తీసిన చిత్రము మనుష్యులను చంపు ఆయుధమయ్యెను. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామమున, వారపుసంతకు వచ్చిన ఐదుగురు సంచార భిక్షుకులను గుంపు పట్టి గ్రామపంచాయతీ గదిలో కొట్టి చంపెను. ఆ వేసవిలో తెలంగాణ పల్లెలలోను ఇట్టి వదంతికి ప్రాణములు పోయినవి. ఒక సందేశమును ఒకేమారు ఐదుకంటె ఎక్కువ చోట్లకు పంపరాదని ఆ జూలైలోనే వాట్సాప్ సంస్థ మన దేశమున నియమము పెట్టెను. పంపు చేతికి అది హద్దు పెట్టగలిగెను. నమ్ము మనస్సునకు హద్దు పెట్టుట ఏ యంత్రమునకును సాధ్యము కాదు.

"ఆలోచించుచు కూర్చున్నచో ఈలోగా బిడ్డకు హాని జరిగిన నేమి గతి?" అని ఒక తల్లి అడుగవచ్చును. ఆ ప్రశ్న గౌరవింపదగినది. దానికి సమాధానము రెండు పనులను వేరుచేసి చూచుటలో ఉన్నది. బిడ్డను దగ్గరకు తీసికొనుటకు సాక్ష్యము అక్కరలేదు. వట్టి అనుమానము చాలును. ఇంటిలోనికి పిలువుము, తోడుగా నుండుము, ఏమి జరిగినదని అడుగుము. ఇతరునిపై చేయి ఎత్తుటకు, పేరు పెట్టి నిందించుటకు, చట్టము చేయుటకు మాత్రము అనుమానము చాలదు. వదంతి ఈ రెంటిని తారుమారు చేయును. బిడ్డ దగ్గరకు పోవలసిన పాదములను పొరుగువాని వాకిటికి మరల్చును. ప్రేమ మొదటి పనిని వెంటనే చేయుమనును. రెండవ పనికి అది అనుమతిపత్రము కాజాలదు.

పిల్లలు మన మాటలకంటె మన నమ్మకములను ముందుగా నేర్చుకొందురు. తమ పాఠశాలలో లేని పెట్టె ఉన్నదని పెద్దలు సభలలో వాదించుచుండగా విన్న పిల్లలకు, సత్యమనునది గట్టిగా పలికినవారి సొత్తని తోచియుండును. మాట జారిన దినముననే సభలో క్షమాపణ చెప్పిన ఆ నెబ్రాస్కా సభ్యుని గూర్చియు వారెవరైనను విని యుందురని ఆశింతము. ఆయన మొదట కుందేలు వెంట పరుగెత్తినవాడే. ఐనను ఆగి, వెనుకకు తిరిగి, కాయను చూచి, చూచినది చెప్పెను. ఇంటిలోనైనను శాసనసభలోనైనను బిడ్డల యెదుట పెద్దలు చేయదగిన పనులలో అది ఒకటి.