మీటరు పలికినది ఎవరి మాట?

చిత్తూరు సీమలో అప్పిచ్చినవాడు రాలేదనియు, పుచ్చుకొన్నవాడు తీర్చితిననియు వాదులాడుకొని, ఊరి పెద్దలకు విసుగు పుట్టించి, తుదకు “అయితే కాణిపాకం పోదాం, వస్తావా?” అను మాట పడినంతనే ఇద్దరిలో నొకని ముఖము వెలవెలబోవుట నేను చిన్ననాటినుండి చూచుచున్నాను. కోనేట మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుని యెదుట నిలిచి అబద్ధమాడుటకు ఈ ప్రాంతమువారికి నోరు రాదు.

అట్టి సీమలో మా మేనల్లుడు తిరుపతిలో సెకండ్‌హ్యాండ్ కారొకటి కొనెను. అమ్మిన అంగడి పేరిచట అనవసరము. మీటరులో 41,000 కిలోమీటర్లు. బండి ఇంటికి వచ్చినపిదప చూచితిని: బ్రేకు పెడలు రబ్బరుపై గీతలన్నియు అరిగి నున్నబడినవి, స్టీరింగు చేయి పట్టుచోట నల్లగా నిగనిగలాడుచున్నది, బానెటు క్రింద, ఆయిలు మార్చినప్పుడు మెకానిక్కు తీగతో వ్రేలాడగట్టిన అట్టముక్క జిడ్డోడుచు 1,18,000 అని చూపుచున్నది. అంకె తగ్గించినవాడు అట్టను మరచినాడు! ఘాటు రోడ్డు మలుపులలో యాత్రికులను మోసి మోసి అలసిన బండి కాబోలునది.

“ఆయప్ప ఒక్క అబద్ధం గూడా చెప్పలేదు మామా. మీటరు చూసుకోమన్నాడు, అంతే” అనెను మావాడు.

ఆ “అంతే” నాకు నిద్ర పట్టనీయలేదు. ఆ వర్తకుని కాణిపాకము పిలిచిన నిశ్చింతగా వచ్చును. “మీటరు నేను ముట్టలేదు” అని మునిగి లేచును. అది సత్యమే కావచ్చును, ఏలయన త్రిప్పిన చేయి అంతకుముందటి వానిదై యుండవచ్చును. అబద్ధము నోరు విడిచి యంత్రమున చేరినది. ప్రమాణమో, నోటికే గాని యంత్రమునకు లేదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టము 17వ సెక్షను ఊరకుండుట మాత్రమే మోసము కాదనుచు, లోపమున్న గుఱ్ఱమును వేలములో మాటాడక అమ్మినవానిని ఉదాహరించినది. కొనునది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన కన్నకూతురైనచో మాత్రము చెప్పవలెనట. పొరుగింటివాని కూతురేమి పాపము చేసినదో! అయినను ఆ సెక్షనే మరియొక మాటయు ననుచున్నది: “నీవు కాదనకున్న గుఱ్ఱము మంచిదే యనుకొందును” అని కొనువాడన్నప్పుడు అమ్మువాని మౌనము పలుకుతో సమానము. మీటరువంక వ్రేలు చూపినవాడు ఆ మౌనముకంటె ఒక అడుగు ముందుకే పోయినాడని నా తలంపు.

మన స్మృతికర్తలు కొనువానికి పరీక్షాకాలము నిచ్చిరి. యాజ్ఞవల్క్యుడు ఇనుమునకు ఒక దినము, పాడిపశువునకు మూడు, మోయు పశువునకు అయిదు దినము లనినాడు. ఎద్దు వయస్సు పండ్లు చెప్పును, అయిదు దినములలో దాని నడక బయటపడును; అంకె తుడిచిన బండి అయిదు మాసములైనను నోరు విప్పదు. అందుచే భారము పరీక్షించువానిపైనుండి అమ్మువానిపైకి జరుగక తప్పదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన కేంద్ర నిబంధనలు పాతబండ్ల డీలరు అధికారపత్రము పొందవలెననియు, బండి తనకడ నున్నంతకాలము తానే యజమానిగా నెంచబడుననియు, అది ఏ పనిమీద, ఎవరు నడుపగా, ఎంత దూరము తిరిగినదో ఎలక్ట్రానిక్ రిజిస్టరులో వ్రాయవలెననియు విధించినవి. మంచిదే, అయితే ఆ రిజిస్టరు బండి అంగడి చేరిన దినమునుండియే లెక్క మొదలిడును. అంతకుముందటి పరుగును ఎవరు చెప్పవలెను?

కాణిపాకము ప్రక్కన పారు బాహుదా నదికి ఆ పేరు లిఖితుని వలన వచ్చినదందురు. అన్న శంఖుని ఆశ్రమములో అడుగక పండు తిన్న లిఖితుడు, రాజు పిలువకయే పోయి తన తప్పు తానే చెప్పి, శిక్షగా చేతులు పోగొట్టుకొని, ఆ నదిలో మునిగి మరల పొందినాడు. రాజు అడుగని మాటను చెప్పుట కొఱకు నడచిపోయిన ఆ మనుష్యుడు, అడిగినప్పుడు అబద్ధమాడని వానికంటె ఎంత దూరము ముందున్నాడో నేనింకను కొలువలేకున్నాను.

పోయిన నెల మావాడు ఆ బండిని అమ్మజూపుచున్నాడని విని పోయితిని. బానెటెత్తి చూచితిని. తీగ ఉన్నది, అట్ట లేదు.

“ఎప్పుడో రాలిపోయింటుంది మామా” అనెను, నావైపు చూడకుండ.