అవకాశాన్ని చూపించే గురువు

అవకాశం కాలం తెచ్చిపెట్టేదా, మనిషి చూపుకు అందేదా? కర్మను నమ్మేవారు మొదటి మాటకు, సాధనను నమ్మేవారు రెండో మాటకు మొగ్గుతారు. కర్నూలు, కడప మెట్టభూముల్లో ఇది వట్టి తర్కం కాదు. వాన కురవడం కాలం చేతిలో ఉంది. పదునున్న నాలుగు రోజుల్లో విత్తనం వెయ్యడం రైతు చేతిలో ఉంది. ఇదే సీమలో 17వ శతాబ్దానికి చెందిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి చుట్టూ అల్లుకున్న కథలు ఈ ప్రశ్నను చాలా లోతుగా పట్టుకున్నాయి.

బ్రహ్మంగారుగా జనం పిలిచే ఆయన పేరు వినగానే భవిష్యవాణి అయిన కాలజ్ఞానం గుర్తుకొస్తుంది. జరగబోయేది తెలుసుకోవాలన్న ఆత్రంతోనే జనం దాన్ని వింటారు. ఆయన జీవితగాథ మాత్రం కళ్లెదుట జరుగుతున్నదాన్ని చూడమంటుంది. ఆయన బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంటి అరుగు మీద ఒక రాత్రి పడుకున్నారని, తెల్లవారాక ఆమె ఆయనను పశువుల కాపరిగా పెట్టుకుందని సంప్రదాయ కథనం. పశువులను రవ్వలకొండకు తోలుకెళ్లి, వాటి చుట్టూ గీత గీసి, గుహలో కూర్చుని తాటాకుల మీద కాలజ్ఞానం రాసేవారట. రోజూ అన్నం పెట్టిన ఇల్లాలికి ఆయన జీతగాడిగానే కనిపించారు. ఎవరో చెప్పగా కొండకు వెళ్లి, గీత దాటకుండా మేస్తున్న పశువులనూ రాతలో మునిగిన మనిషినీ కళ్లారా చూశాక ఆమె చేతులు జోడించింది. ఆ తర్వాత యాగంటిలో ఆమెకు ఉపదేశం చేశారని చెబుతారు. ఈ కథలో మహిమకన్నా అచ్చమ్మలో వచ్చిన మార్పే గొప్పది. మనిషి అదే, కొండ అదే, పశువులు అవే. ఇన్నాళ్లూ తన ఇంట్లోనే ఉన్న గురువు ఆమెకు ఆ రోజు కనిపించాడు.

ఇవాళ లైఫ్ కోచింగ్ పేరుతో జరిగే మార్గదర్శనం, సవ్యంగా సాగితే, ఈ కోవలోదే. దాని మూలాల్లో ఒకటి తిమోతీ గాల్వే 1974లో టెన్నిస్ మీద రాసిన పుస్తకం. ఎలా కొట్టాలో ఆదేశించడం తగ్గించి, బంతి ఎలా వస్తోందో ఆటగాడే గమనించేలా చెయ్యాలన్నది ఆయన పద్ధతి. పోటీపరీక్ష తప్పి కుంగిపోయిన యువకుడిని ‘నీకు ఏ పని బాగా వచ్చు? అది ఎవరికి అవసరం? రేపు ఎవరిని కలుస్తావు?’ అని అడిగితే, మామ నడిపే డ్రిప్ పైపుల దుకాణంలో తాను ఊరికే చేసిపెడుతున్న సాయం ఒక బతుకుతెరువుగా తోచవచ్చు. శిక్షకుడు కొత్తగా ఇచ్చిందేమీ ఉండదు. అడగడమే ఆయన పని.

కనిపించగానే పట్టుకోవడంలోనూ ప్రమాదం ఉంది. దేహంలో దేవతలు కొలువున్నారని బ్రహ్మంగారు చెప్పగా విన్న కక్కయ్య అనే వ్యక్తి, వారిని చూడాలని భార్య దేహాన్నే కోశాడని, గురువు ఆమెను బతికించి అతనికి తత్త్వం బోధించారని కథ. బోధను అక్షరాలా పట్టుకునే తొందరకు ఇంతకన్నా భయంకరమైన ఉదాహరణ దొరకదు.

అసలు చిక్కు సిద్దయ్య కథలో ఉంది. దూదేకుల ఇంట పుట్టి బ్రహ్మంగారికి ప్రియశిష్యుడైన ఆయనను, కందిమల్లాయపల్లెలో తాను సజీవసమాధిలోకి వెళ్లే రోజున, గురువే పూలకోసం బనగానపల్లెకు పంపేశారు. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. విలపిస్తున్న శిష్యుడికి గురువు సమాధిలోంచే పలికి దండం, కమండలం, పాదుకలు, ముద్రిక అనుగ్రహించారని మఠ సంప్రదాయం. గురువు సమాధిలోకి వెళ్లే క్షణం మాత్రం సిద్దయ్యకు దక్కలేదు. అందులో ఆయన ఏమరుపాటు ఏమీ లేదు, చెప్పిన పనిమీదే వెళ్లారు. చేజారిన ప్రతిదానికీ మనిషినే తప్పుపట్టే బోధకులు ఈ కథ వినాలి. వానే కురవని ఏడాది రైతుకు చూపు లేదనడం అన్యాయం. చదువు, అప్పు, కులం అడ్డుపడ్డ చోట మనసు మార్చుకుంటే చాలనడమూ అన్యాయమే.

మార్గదర్శి కోసం వెతికేవారు ముందు ఒకటి గమనించాలి: ఆ మనిషి తమ ఊరి సంగతి, ఇంటి సంగతి అడుగుతున్నాడా, లేక అందరికీ అప్పగించే పాఠమే తమకూ అప్పగిస్తున్నాడా? అడగనివాడికి డబ్బు కట్టవద్దు.